సంతకం పెట్టే ముందు ఆ మాటకు అర్థం అడగండి

ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం దగ్గర గంటసేపు బేరమాడతాం. ఆ తర్వాత చేతికిచ్చిన ఆరు పేజీల అపాయింట్‌మెంట్ ఆర్డర్ మీద మాత్రం చదవకుండానే సంతకం పెట్టేస్తాం. పని సాఫీగా సాగినన్నాళ్ళూ దానివల్ల నష్టమేమీ కనిపించదు. పేచీ వచ్చిన రోజున ఓనరు తరఫు లాయరు ఆ కాగితం బయటికి తీసి ఏదో ఒక మాట మీద వేలు పెడతాడు. మనం ఆ మాటకు ఇన్నాళ్ళూ ఒక అర్థం అనుకున్నాం, చట్టంలో ఇంకొకటి ఉంది అని అప్పుడు తెలుస్తుంది. అప్పటికి మార్చుకోవడానికి ఏమీ ఉండదు.

చెన్నై చింతాద్రిపేటలో పనిచేసే మన తెలుగువాళ్ళకు ఈ చిక్కు మరీ ఎక్కువ. స్పేర్ పార్ట్స్ గోడౌన్ కావచ్చు, చేపల మార్కెట్లో కొట్టు కావచ్చు, మౌంట్ రోడ్డు వైపున్న ఆఫీసు కావచ్చు. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, ముదలాళి (ఓనరు) తమిళంలో చెబుతాడు, మనం ఇంటికొచ్చి తెలుగులో చెప్పుకుంటాం. తమిళంలో ‘వేలైయై విట్టు నిన్నుట్టాన్’ అంటే తనంతట తానే పని మానేశాడని. ‘నిరుత్తిట్టాంగ’ అంటే తీసేశారని. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు దాన్నే ‘నిలిచిపోయాడు’, ‘నిలిపేశారు’ అంటారు. నెల్లూరు నుంచో విజయవాడ నుంచో కొత్తగా వచ్చినవాడు ‘నిలిపేశారు’ అంటే సస్పెండ్ చేశారేమో అనుకుంటాడు. రాజీనామా, తొలగింపు, సస్పెన్షన్ మూడూ చట్టంలో మూడు వేర్వేరు దారులు. తొలగింపుకు నష్టపరిహారం ఉండొచ్చు, రాజీనామాకు ఉండదు, సస్పెన్షన్‌లో అసలు ఉద్యోగమే పోలేదు.

అందుకే లేబర్ ఆఫీసుకు అర్జీ రాసేటప్పుడు ఈ పేర్లేవీ పెట్టకండి. జరిగింది జరిగినట్టు రాయండి. ‘ఫలానా తేదీ ఉదయం తొమ్మిదికి పనికి వెళ్ళాను. షట్టర్ దగ్గరే సూపర్‌వైజర్ ఆపి, రేపటినుంచి రావద్దన్నారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. ఆ నెల జీతం బాకీ ఉంది.’ ఇంతే చాలు. దాన్ని ఏమనాలో అధికారి చూసుకుంటాడు. మీరే ‘పని మానేశాను’ అని రాస్తే, అవతలివాళ్ళకు మీ సంతకంతోనే సాక్ష్యం ఇచ్చినట్టు.

ఈ మానేయడానికీ తీసేయడానికీ ఉన్న తేడా మీదే సుప్రీంకోర్టులో ఒక ముఖ్యమైన కేసు తేలింది. అది 1980లో వచ్చిన సూపరింటెండెన్స్ కంపెనీ వర్సెస్ క్రిషన్ ముర్గాయ్ తీర్పు. ఉద్యోగి కంపెనీని ‘లీవ్’ చేసిన తర్వాత రెండేళ్ళపాటు, ఆఖరుగా పనిచేసిన ఊళ్ళో, పోటీ కంపెనీలో చేరకూడదు, అలాంటి వ్యాపారం సొంతంగానూ పెట్టకూడదు అని షరతు. కొన్నాళ్ళకు కంపెనీయే ఆయన్ని తీసేసింది. ఆయన అదే లైన్లో సొంత వ్యాపారం మొదలుపెట్టాడు. కంపెనీ ఇంజంక్షన్ కోసం కోర్టుకెళ్ళింది. ఎలా పోయినా పోవడం పోవడమే కదా అన్నది కంపెనీ వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఆ షరతులో ‘లీవ్’ అంటే తనంతట తాను వెళ్ళడమేననీ, తీసేసినవాడికి అది వర్తించదనీ ఇద్దరు జడ్జీలు తేల్చారు. మూడో జడ్జి ఇంకా ముందుకెళ్ళి, ఉద్యోగం ముగిసిన తర్వాత కూడా మనిషిని కట్టేసే ఇలాంటి షరతు కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదన్నారు.

ఇది చదివి గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోకండి. ఉద్యోగంలో ఉన్నంతకాలం పోటీ వ్యాపారం చేయకూడదన్న షరతు చెల్లుతుంది. కస్టమర్ల లిస్టు, రేట్ల షీటు పట్టుకుపోతే మీ మీద కేసు నిలబడుతుంది. బాండ్ సంగతి కూడా వేరు. మూడేళ్ళలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతును 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది. వేరే చోట పని చేయకూడదనడం (నాన్ కంపీట్) ఒకటి, ముందే వెళ్ళిపోతే డబ్బు కట్టమనడం (బాండ్) ఇంకొకటి అన్న తేడా అక్కడ పనిచేసింది. మీ ఆర్డర్లో ఉన్నది ఈ రెండింటిలో ఏదో చూసుకోండి. ‘నాన్ కంపీట్ చెల్లదంటగా’ అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని బాండ్ ఎగ్గొట్టబోయి నోటీసు అందుకునేవాళ్ళు ఉంటారు.

ఇక ‘మేనేజర్’ అన్న మాట. మన పేటలో ఇంత ధారాళంగా పంచిపెట్టే పదవి ఇంకోటి లేదు. గోడౌన్ తాళాలు ఎవరి దగ్గరుంటే వాడు మేనేజర్. ఆ పిలుపు ఇంట్లోవాళ్ళకు గౌరవం, పెళ్ళి సంబంధానికి పనికొస్తుంది. చట్టం దగ్గర మాత్రం అది మీకు దక్కాల్సిన రక్షణను తీసేయగలదు. తమిళనాడులో ఇప్పటికీ నడుస్తున్న 1947 నాటి షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టంలో 41వ సెక్షన్ ఉంది. వరసగా ఆరు నెలలు పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నోటీసు జీతమో ఇవ్వకుండా తీసేయకూడదని అది చెబుతుంది. కాని ‘పొజిషన్ ఆఫ్ మేనేజ్‌మెంట్’లో ఉన్నవాళ్ళకు ఈ చట్టం వర్తించదు. పాత పరిశ్రమల వివాదాల చట్టంలో కూడా మేనేజర్ పని చేసేవాడు ‘వర్క్‌మన్’ (కార్మికుడు) కాడు. ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లోనూ అంతే. సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000 రూపాయలు దాటి వేతనం తీసుకునేవాడు కూడా దాని లెక్కలోకి రాడు.

అయితే మేనేజర్ అని పిలిచినంత మాత్రాన మేనేజర్ అయిపోతారా? మద్రాసు నుంచే వెళ్ళిన ప్రేమ్ సాగర్ వర్సెస్ స్టాండర్డ్ వాక్యూమ్ ఆయిల్ కంపెనీ కేసులో, ఇదే షాపుల చట్టం మీద, సుప్రీంకోర్టు 1960ల్లోనే ఏమేం చూడాలో చెప్పింది. కంపెనీ బ్యాంకు ఖాతా నడిపే అధికారం ఉందా, కంపెనీ తరఫున బయటివాళ్ళకు డబ్బు కట్టి ఒప్పందాలు చేసుకోగలడా, గుమాస్తాల పని మీద అజమాయిషీ ఉందా, ఉత్తరప్రత్యుత్తరాలు ఎవరి చేతిలో ఉన్నాయి, జీతం స్థాయి ఏమిటి. ఇందులో ఏదో ఒకటి ఉందనో లేదనో చూసి తీర్పు చెప్పరు. మొత్తం కలిపి చూస్తారు. డెవలప్‌మెంట్ ఆఫీసర్ అనే పెద్ద పేరున్న ఎల్‌ఐసీ ఉద్యోగిని 1983లో సుప్రీంకోర్టు వర్క్‌మన్ అనే అంది. టీచర్‌ను మాత్రం 1988లో వర్క్‌మన్ కాదంది. మామూలు మాటల్లో చూస్తే తలకిందులుగా అనిపిస్తుంది కాని, కోర్టు చూసేది చేసే పని స్వభావాన్ని.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక స్పేర్ పార్ట్స్ షాపులో పన్నెండేళ్ళుగా ఉన్న మనిషి, విజిటింగ్ కార్డు మీద ‘బ్రాంచ్ మేనేజర్’. పొద్దున షట్టర్ తీస్తాడు, స్టాక్ నోట్‌బుక్ రాస్తాడు, వచ్చిన లారీ దింపించి బిల్లుతో సరిచూస్తాడు, సాయంత్రం కలెక్షన్ బ్యాంకులో వేస్తాడు. చెక్కు మీద సంతకం ఓనరుదే. కుర్రాడికి సెలవు ఇవ్వాలన్నా ఓనరుకు ఫోన్ చేయాలి. ఈయన కార్డు చూపించి ‘నువ్వు మేనేజ్‌మెంట్’ అని ఓనరు అంటే, ఆ నోట్‌బుక్కు, డిపాజిట్ స్లిప్పులు, ‘సార్, బాబుకి లీవ్ ఇవ్వమంటారా’ అని పంపిన వాట్సాప్ మెసేజీ తెచ్చి ముందు పెట్టాలి. కార్డు కంటే ఆ మెసేజీకే బరువు ఎక్కువ. కాబట్టి ప్రమోషన్ ఇస్తున్నామని కొత్త డిజిగ్నేషన్‌తో లెటర్ ఇచ్చినప్పుడు సంతోషంగానే తీసుకోండి. కాని దాంతోపాటు జాబ్ డిస్క్రిప్షన్ కూడా అడిగి తీసుకోండి. జీతం పెరగకుండా పేరు మాత్రం పెరిగితే, ఎందుకో ఆలోచించండి.

నిజానికి ఈ పేట పుట్టిందే ఇలాంటి నిర్వచనం మీద. 1734లో మద్రాసు గవర్నర్ మోర్టన్ పిట్ ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం కోసం ఇక్కడ నేతగాళ్ళ ఊరు కట్టించాడు. అంతకుముందు ఆ నేల కంపెనీ పెద్ద వర్తకుడు సుంకురాముడి తోట. తరి అంటే తమిళంలో మగ్గం. చిన్న తరిపేట్టై అన్న పేరే చింతాద్రిపేట అయింది. నూలు వడికేవాళ్ళు, నేసేవాళ్ళు, బట్ట మీద బొమ్మలు వేసేవాళ్ళు, ఉతికేవాళ్ళు, అద్దకంవాళ్ళు, గుళ్ళో పనివాళ్ళు తప్ప వేరేవాళ్ళు ఉండకూడదని షరతు. అంటే ఇక్కడ ఒక ఇల్లు దొరకాలంటే మీరు ఏ మాట కిందికి వస్తారో ముందు తేలాలి. దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత గ్రాట్యుటీ దొరకాలన్నా అదే పద్ధతి.

అసలు ప్రమాదం ఉద్యోగం పోయే రోజు దగ్గర ఉంది. హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి, ‘రిజైన్ చేస్తారా, టర్మినేట్ చేయమంటారా? రిజైన్ చేస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ మంచిగా ఇస్తాం’ అంటారు. పరువు కోసం చాలామంది అక్కడికక్కడే రాసిచ్చేస్తారు. ఆ ఒక్క మాటతో ఏం పోతుందో చూడండి. తొలగింపు మీద అప్పీలు చేసే హక్కు పోతుంది. రిట్రెంచ్‌మెంట్ (మన తప్పు లేకుండా తీసేయడం) అయితే ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున రావాల్సిన పరిహారం పోతుంది. పెన్షన్ ఉన్న ఉద్యోగమైతే ఇంకా పెద్ద నష్టం. ఢిల్లీ విద్యుత్ సంస్థలో ఇరవై ఏళ్ళు చేసిన ఒక ఉద్యోగి 1990లో రాజీనామా ఇచ్చి, తర్వాత దాన్ని స్వచ్ఛంద పదవీ విరమణగా లెక్కేసి పెన్షన్ ఇమ్మన్నాడు. 2019లో సుప్రీంకోర్టు కుదరదంది. రాజీనామా ఇస్తే గత సర్వీసు రద్దవుతుందని రూల్స్‌లో ఉంది, రాజీనామా వేరు, పదవీ విరమణ వేరు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు రెండూ ‘ఉద్యోగం మానేయడమే’. కాగితం మీద జీవితాంతం వచ్చే పెన్షన్ అంత తేడా.

అలాంటి గదిలో కూర్చున్నప్పుడు చేయాల్సింది ఒక్కటే: ‘రెండు రోజులు టైమివ్వండి, ఆలోచించుకుని చెబుతాను’ అనండి. ఇవ్వనంటే, బయటికి రాగానే ఆ సంగతంతా ఈమెయిల్‌లో రాసి హెచ్‌ఆర్‌కు పంపండి. వేరే ఉద్యోగం చేతిలో ఉండి, మచ్చలేని లెటర్ కావాలనుకుంటే రిజైన్ చేయడం తప్పేమీ కాదు. తెలిసి చేయండి, అంతే.

నాలుగు రోజులు పనికి రాకపోతే ‘అబాండన్‌మెంట్’ అని పేరు తీసేయడం ఇంకో అలవాటు. ఉద్యోగం వదిలేయాలన్న ఉద్దేశం ఉంటేనే అది వదిలేయడం అవుతుందని, మామూలు గైర్హాజరు ఆ మాట కిందికి రాదని 1979లో జీ టీ లాడ్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఎనిమిది రోజులు రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని స్టాండింగ్ ఆర్డర్లలో ఉన్నా, మనిషి చెప్పేది వినకుండా తీసేయడానికి లేదని 1993లో డీ కే యాదవ్ కేసులో తేల్చింది. అయినా మీ వైపునుంచి ఒక మెసేజీ ఉండాలి. ‘జ్వరం, సోమవారం వస్తాను’ అన్న ఒక లైను వాట్సాప్‌లో ఉంటే, వదిలేసే ఉద్దేశం లేదని అదే చెబుతుంది.

లెక్కల దగ్గర మాటల అర్థం నేరుగా రూపాయల్లోకి దిగుతుంది. చట్టంలో ‘ఏడాది సర్వీసు’ అంటే 365 రోజులు కాదు, చాలా సందర్భాల్లో 240 రోజులు. ఆ 240లో ఆదివారాలు, జీతంతో ఇచ్చిన సెలవులు కలుస్తాయా? ‘నిజంగా పనిచేసిన రోజులు’ అని చట్టంలో ఉంది కాబట్టి కలవవని యాజమాన్యం వాదించింది. కలుస్తాయని 1985లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కేసులో తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పు రాశారు. కార్మికుల కోసం చేసిన చట్టంలో మాటను ఇరుకుగా చదవకూడదన్నది ఆయన పట్టుదల. అంతకు దాదాపు పదేళ్ళ ముందు, స్టేట్ బ్యాంక్‌లో తొమ్మిది రోజుల కోసమే ఇచ్చిన తాత్కాలిక ఆర్డరు గడువు ముగిసి ఉద్యోగం పోయిన ఒక క్యాషియర్ కేసు మద్రాసు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ముందటి సర్వీసు కలిపితే 240 రోజులు నిండాయి కాబట్టి, గడువు ముగియడం కూడా రిట్రెంచ్‌మెంటేనని జస్టిస్ కృష్ణయ్యర్ అన్నారు. అయితే 1984లో పార్లమెంటు ఆ మాట అర్థాన్ని మార్చేసింది. గడువు రాసుకున్న కాంట్రాక్ట్ ముగిస్తే అది రిట్రెంచ్‌మెంట్ కాదు. పాత తీర్పు పేరు చెప్పి ఎవరైనా ఆశపెడితే, ఆ తర్వాత చట్టం మారిందేమో తప్పకుండా అడగండి.

గ్రాట్యుటీకి అయిదేళ్ళు నిండాలని అందరికీ తెలుసు. నాలుగేళ్ళు నిండి అయిదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాసు హైకోర్టు 1998లో మెట్టూర్ బియర్డ్‌సెల్ కేసులో చెప్పిన సంగతి చాలామందికి తెలియదు. నాలుగేళ్ళ ఏడు నెలలకు మానేద్దామనుకునేవాళ్ళు క్యాలెండర్ చూసుకుని, ఇంకో రెండు నెలలు ఓర్చుకుంటే మంచిది. ‘15 రోజుల జీతం’ అన్నా అంతే. నెల జీతంలో సగమని షాపుల్లో లెక్క కడతారు. చట్టంలో నెలకు 26 పని దినాలు. బేసిక్, డీఏ కలిపి 26,000 ఉండి 18 ఏళ్ళు చేసినవాడికి సగం లెక్కన 2,34,000 వస్తుంది. చట్టం లెక్కన 15,000 చొప్పున 2,70,000 రావాలి. నోరెత్తకపోతే పోయేది 36,000 రూపాయలు.

మరి ఏది ‘జీతం’? బేసిక్ తక్కువ చూపించి మిగతాదంతా అలవెన్సులుగా చీల్చడం పాత ఆట. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్స్ కూడా పీఎఫ్ లెక్కలో బేసిక్ వేతనమేనని 2019లో వివేకానంద విద్యామందిర్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 నవంబర్ 21న అమలులోకి తెచ్చిన లేబర్ కోడ్‌లు ‘వేజెస్’ నిర్వచనాన్నే మార్చాయి. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. నెలకు 40,000లో బేసిక్ 14,000, మిగతా 26,000 అలవెన్సులు అనుకోండి. సగం 20,000. దాటిన 6,000 తెచ్చి కలిపితే వేతనం 20,000 అవుతుంది. గ్రాట్యుటీ దాని మీద రావాలి. సీటీసీ (కంపెనీకి మీ మీద అయ్యే మొత్తం ఖర్చు) అన్న మాటకు ఈ లెక్కలో చోటే లేదు. ఆఫర్ లెటర్లో అది ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా, మీరు అడగాల్సింది బేసిక్ ఎంత, డీఏ ఎంత అని.

ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లో ‘సమ్మె’ అర్థం కూడా పెరిగింది. ఒకే రోజున సగం మంది, ఆపైన, కూడబలుక్కుని క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మె కిందికి వస్తుంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు కావాలి. మన మేడే పార్కులో కూర్చుని ‘అందరం రేపు సీఎల్ పెడదాం’ అనుకునేవాళ్ళు ఇది తెలుసుకునే అనుకోవాలి. యూనియన్ లేని చోట ఇలాంటి పని చేస్తే ముందు నష్టపోయేది దాన్ని మొదలుపెట్టినవాడే.

డబ్బు అప్పుగా తీసుకునేటప్పుడు మరీ జాగ్రత్త. పెళ్ళికో ఆస్పత్రికో ఓనరు దగ్గర అడ్వాన్స్ తీసుకుని, ‘ఊరికే సెక్యూరిటీకి’ అని ఖాళీ చెక్కు సంతకం పెట్టి ఇస్తారు. ఖాళీ చెక్కయినా సంతకం మీదైతే, బాకీ కోసమే ఇచ్చారని చట్టం ముందుగానే అనుకుంటుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు బౌన్సయితే రెండేళ్ళ వరకు జైలు పడవచ్చు. చెక్కు ఇవ్వక తప్పకపోతే అంకె, తేదీ నింపే ఇవ్వండి. అడ్వాన్స్ ఎంత, నెలకు ఎంత కోత అని ఒక కాగితం రాయించుకుని కాపీ ఉంచుకోండి. తీరిన రోజున చెక్కు వెనక్కి తీసుకోండి.

చదవలేని భాషలో కాగితం ఇస్తే సంతకం తెలుగులోనే పెట్టండి. సంతకం పైన ‘ఇది తమిళంలో ఉంది, నాకు చదవడం రాదు, ఫలానావారు చదివి చెప్పారు’ అని ఒక లైను రాయండి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ రసీదులో లెక్క తక్కువగా ఉందనిపిస్తే, డబ్బు వద్దనకండి. ‘అభ్యంతరంతో తీసుకున్నాను, గ్రాట్యుటీ బాకీ ఉంది’ అని రాసి తీసుకోండి. తీసేసినా, రాజీనామా చేసినా రావాల్సిన వేతనం రెండు పని దినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. నలభై అయిదు రోజుల ప్రాసెస్ అన్నది కంపెనీ అలవాటు మాత్రమే.

అర్జీకి గడువులు ఉంటాయి, అవి చాలా వేగంగా దాటిపోతాయి. ఉద్యోగం పోయిన నెలలోపే కదలండి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం కింద పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు లాయరును ఉచితంగా ఇస్తారు. ఫోన్ నంబరు 15100. అపాయింట్‌మెంట్ ఆర్డరు, ఆఖరి మూడు పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, తేదీలతో రాసుకున్న ఒక పేజీ పట్టుకుని వెళ్ళండి.